నీళ్లు తగలని పోటీ

తెరచాప పడవల పోటీని ఆ ఏడు కొత్త పద్ధతిలో జరిపారు. పడవలన్నీ హుస్సేన్ సాగర్ ఒడ్డునే ఉంటాయి. పాత పందేలను బట్టి ఈసారి ఎవరు గెలిచేవారో యంత్రం చెబుతుంది. గాలి కోసం ఎదురుచూపులు లేవు, బట్టలు తడవవు, భోజనాలు కూడా వేళకే అవుతాయి.

మేఘమాల, ఆమె అన్న ప్రభంజన్‌ల జంటే గెలిచిందని యంత్రం తేల్చింది.

"సార్, అన్న పోయి ఏడాదైంది. ఆయన పేరు తీసెయ్యుండ్రి," అంది మేఘమాల.

"ఎట్ల తీస్తం బిడ్డా? ఏడాది సంది ఒక్క తప్పు చెయ్యలే. మీరు గెలిచిందే ఆయనతోని," అన్నాడు కార్యదర్శి విఠల్‌రావు, పూలదండ సవరిస్తూ.

ఆమె ఒడ్డునున్న తమ పడవ దగ్గరికి నడిచింది. ఇద్దరు నడపాల్సిన పడవను ఒక్కతే నీళ్లలోకి తోసి ఎక్కింది.

"అరె, ఏం జేస్తున్నవ్? నీళ్లల్లకు దిగితే కప్పు పోతది!" అంటూ విఠల్‌రావు వెంట ఉరికి, బూట్లు తడుస్తాయని మెట్ల మీదే ఆగాడు.

ఒడ్డు దాటిన కాసేపటికే గాలి విసిరింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. అలాంటప్పుడు రెండో పక్కకు వాలి బరువు నిలపడం ప్రభంజన్ పని. పడవ బోల్తా కొట్టింది.

మేఘమాల పైకి తేలి, తిరగబడ్డ పడవను పట్టుకుంది.

"ఇప్పుడైనా రాసుకోండ్రి సార్," అని ఒడ్డుకు వినబడేలా అరిచింది. "మా అన్న లేడు!"