మా పాత వ్యాను

మనుషులు బండ్లు నడపడం మానేసి ఇరవై ఏళ్లయింది. విశాఖలో పాత బండ్ల ప్రదర్శనకు వచ్చినవాళ్లంతా స్టీరింగు తిప్పి చూడాలని వరుసలో నిలబడ్డారు. ముందు చక్రాలు జాకీల మీద లేపి ఉంచారు.

అక్కడ మా పాత వ్యాను కనిపించింది. నా భార్య సువర్చల తమ్ముడు అరకు ఘాట్ రోడ్డులో ఎదురుగా నిలబడి ఉండగా, నేను నడుపుతున్న ఆ వ్యాను కిందే పడి చనిపోయాడు. స్టీరింగు బిగుసుకుపోయిందని ఆమెతో చెప్పాను. నిజానికి నాకు కునుకు పట్టింది.

సువర్చల ఎక్కి, రెండు వేళ్లతో తిప్పింది.

“ఎంత తేలిగ్గా తిరుగుతోందండీ!”

“బాగు చేసుంటార్లే. దిగు.”

నిర్వాహకుడు నొచ్చుకున్నాడు. “ఒక్క బోల్టు కూడా మార్చలేదు సార్!”

ఆమె దిగి, నన్ను సీట్లో కూర్చోబెట్టింది. తమ్ముడు నిలబడినట్టే వ్యాను ముందు నిలబడింది.

“ఇప్పుడు తిప్పండి.”