కుయ్యిమన్న పిల్ల

సాంబయ్య చేతిలో కుక్కపిల్ల కుయ్యిమంది.

"అయిపాయె. అవతల పెట్టు," అన్నాడు గట్టయ్య.

తల్లికుక్క సివంగి ఈని ఇంకా వారం కాలేదు. కళ్లు తెరవని పిల్లలను మెడమీది తోలు పట్టి లేపి చూడటం గొర్రెలు కాసే ఆ కురుమ ఇంటి పద్ధతి. గాలిలో వేలాడుతూ కూడా నోరెత్తని పిల్ల మందకు కావలి కాస్తుంది. కుయ్యిమన్నది గోతికి పోతుంది.

మేనమామ దగ్గర ఈ విద్య నేర్చుకోవడం సాంబయ్యకు ఇదే మొదలు. పోయిన చలికాలం సాంబయ్య గొర్రెల మీద తోడేళ్లు పడ్డాయి. గట్టి కుక్క దొరక్కపోతే ఈసారి మందే మిగలదు.

"మామా, ఇంకోపారి లేపి చూద్దునా? నా చెయ్యే బిర్రుగ పడ్డదేమో."

"తోడేలును గూడ ఇంకోపారి రమ్మంటవా? పెట్టవయ్య అవతల!"

దడి బయట ఒక ముసలామె నిలబడి చూస్తోంది. చంకలో సంచి, మోకాళ్ల దాకా దుమ్ము. ఆ ఊరి మనిషి కాదు.

"తమ్మీ, అవతల పెట్టిన పిల్లను నాకియ్యరాదు?"

గట్టయ్య నవ్వాడు. "గది పనికిరానిదక్కా."

"పనికొచ్చేటియి మీరే ఉంచుకోండ్రి. నాకు గదే కావాలె."

అంటూనే ఆమె లోపలికి వచ్చింది.

పిల్లల జోలికి వస్తే ఇంటివాళ్లనే కరుస్తుందని సివంగిని గుంజకు కట్టేశారు. అలాంటిది, తాడు సాగినంత దూరం పోయి ఆమె కాళ్ల దగ్గర పొర్లింది. చేతులు నాకింది.

గట్టయ్య ముఖం మారింది.

"గొర్ల దొంగలు గిట్లనే చేస్తరు సాంబా. ముందుగాల ఆడామెను తోలి కుక్కను మచ్చిక చేసుకుంటరు. ఏం పెట్టినవే దానికి?"

"ఏం పెట్టలే తమ్మీ."

"మరెందుకు నీ కాళ్లల్ల పడ్డది?"

ఆమె ఏదో చెప్పబోయింది. గట్టయ్య ముఖంలోకి చూసి ఊరుకుంది.

సాంబయ్య కట్టె అందుకున్నాడు. మామ చూస్తున్నాడని గొంతు ఇంకా పెంచాడు.

"నడువ్! మళ్ల ఈ వాడకట్టుల కనవడితె కాళ్లిరుగుతయ్!"

"పోతున్న బిడ్డా. ఆ పిల్లనన్న..."

"ఏరి పారేసింది ఏడన్న బతికితే గట్టయ్య కుక్కలు పిరికియని పేరొస్తది," అన్నాడు గట్టయ్య. "ఇయ్యం. పో."

ఆమె సివంగి తల నిమిరి వెళ్లిపోయింది.

సాంబయ్య ఆ పిల్లను దొడ్డి వెనక గోతిలో పెట్టాడు. మట్టి కప్పుతుంటే కూడా అది కుయ్యిమంటూనే ఉంది.

ఎండ వాలాక మొండయ్య సైకిల్ మీద వచ్చాడు. గట్టయ్య దోస్తు. నెక్కొండ నుంచి సివంగిని తెచ్చి ఇచ్చింది అతనే.

"మా సోమక్క ఏదే? సివంగి ఈనిందంటే ఆగలే, పొద్దుగాలనే రైలెక్కింది."

"ఎవలు, ఆ ముసల్దా? దొంగల మనిషి. తరిమినం," అన్నాడు సాంబయ్య ఛాతీ విరుచుకుని.

మొండయ్య సైకిల్‌కు స్టాండ్ వేయడం మరిచిపోయాడు.

"సివంగిని సాకిందే ఆమె కదరా! మేకపాలల్ల దూది ముంచి తాపి బతికిచ్చింది. గట్టన్న మందను తోడేళ్లు తింటున్నయంటే, ఉన్న ఒక్క తోడును తెచ్చి నా చేతుల వెట్టింది."

గట్టయ్య సివంగి వైపు తిరిగాడు. "అంత మంచి జాతి పిల్ల ఆమెకేడ దొరికిందే?"

"అడగకే గట్టన్నా."

"చెప్పు."

"ఓ ఏడు మీ ఊరికి నాట్లకొచ్చింది. మీ దొడ్డి వెనక మట్టి కింద కుయ్యిమంటుంటే తవ్వి తీసిందట."

సాంబయ్య దొడ్డి వెనకకు ఉరికాడు. రెండు చేతులా మట్టి తోడాడు. పిల్ల చల్లబడిపోయింది.

దాన్ని పట్టుకుని తిరిగి వచ్చేసరికి గట్టయ్య నేల చూపులు చూస్తూ అడుగుతున్నాడు.

"గిన్నేండ్లాయె. ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"తాను పాతిపెట్టిన పిల్లే తన మందను కాస్తున్నదని తెలిస్తే ఆ తమ్ముడు ఊర్లె తలెత్తుకోలేడు, చెప్పకని నాతోని ఒట్టు పెట్టించుకున్నదే," అన్నాడు మొండయ్య.