ఈనెలు తేలిన మాంసం

కూరలు పెంచే పెట్టెలు ఇంటింటికీ వచ్చిన కాలంలో, గుంటూరు మస్తానమ్మ మెస్సులో కూడా ఆ పెట్టెలు, వాటిలో పోసే సరుకుకు మూడు డబ్బాలు ఉండేవి. పిండిపదార్థం సత్తువకు, మాంసకృత్తులు కండకు, కొవ్వు నిలవకు. వాటిని ఏ కూరగా పెంచాలో పెట్టెకు చెప్పేది మాత్రం ఆ కూర సీసాలోని జన్యువుల చుక్క.

ఆ రోజు పెళ్ళికూతురి మేనత్త రుచి చూడటానికి వచ్చింది. నచ్చితే పెళ్ళివంట మస్తానమ్మదే. ఏదీ పారబోసే అలవాటు లేని మస్తానమ్మ, గోంగూర సీసా కడిగిన నీళ్ళు మాంసం పెట్టెలో పోసేసింది. మాంసం ఆకుపచ్చగా, ఈనెలు తేలి పెరిగింది.

"ఇదేందమ్మా, మాంసమా, ఆకా?" అని మేనత్త మూతి విరిచింది.

"తిని చెప్పండి వదినగారూ," అంది మస్తానమ్మ గుండె చిక్కబట్టుకుని.

మేనత్త ఒక ముక్క కొరికింది. ఆపైన పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తింటూనే ఉంది.

"వంట నీదేలే. మగపెళ్ళివారి బంతి మాత్రం ఆఖర్న వెయ్యి. ముందేస్తే మాకు ముక్క మిగల్చరు!"