గేటు దగ్గర కస్సుబుస్సు

బుజ్జిగాడి రెప్పలు అప్పుడే వాలాయి.

ముప్పావుగంట జోకొడితే వాలిన రెప్పలు. తల్లి ఊపిరి బిగబట్టి, వాడి వీపు మీంచి మెల్లగా చెయ్యి తీసింది.

"ఏయ్! బెల్లు మీద చెయ్యి వేశావంటే వేళ్లు విరుస్తా!"

కింద గేటు దగ్గర అరుపు. పిల్లాడు ఉలిక్కిపడి లేచి గుక్కపట్టాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కస్సుబుస్సు! ఇంకెవరు?

నెల క్రితం కింద ముందుగదిలో దిగిన ముసలాయనకి, మేడలోని ఆరు వాటాలవాళ్లూ కలిసి పెట్టిన పేరది. ఒంటరి మనిషి. పలకరిస్తే పలకడు. మధ్యాహ్నమైతే చాలు, గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ల మీద విరుచుకుపడతాడు.

అసలే ఆమె పుట్టెడు చిరాకులో ఉంది.

మొన్నమొన్నటిదాకా పిల్లాడు ఉయ్యాలలో రోజుకి మూడుసార్లు హాయిగా పడుకునేవాడు. ఎనిమిదో నెల వచ్చేసరికి ఉయ్యాల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. పడిపోతాడని ఉయ్యాల విప్పేశారు. దాంతో పగటి నిద్రలన్నీ తారుమారయ్యాయి. భుజాన వేసుకుంటే పడుకుంటాడు, మంచం మీద దించితే లేస్తాడు. మొదటి వారమంతా వాణ్ణి మోసుకుంటూ బాల్కనీలో తిరిగింది. వాడూ ఏడ్చాడు, తనూ ఏడ్చింది.

చివరికి అక్క ఫోన్లో దారి చెప్పింది.

"రోజూ ఒకే టైముకి పడుకోబెట్టవే. ఒంటిగంటకల్లా పరదా లాగెయ్. పక్కన కూర్చుని జోకొట్టు, అంతేగానీ ఎత్తుకోకు. కొన్నాళ్లు ఓపిక పట్టావంటే వాడే అలవాటు పడతాడు."

ఓపిక పడుతూనే ఉంది. ఇదిగో, ఈ ముసలాయన పడనిస్తేగా!

ఏడుస్తున్న పిల్లాణ్ణి చంకనేసుకుని దడదడా మెట్లు దిగింది.

"మీకేమైనా బుద్ధుందా? అరిచి నా కొడుకుని లేపారు!"

ముసలాయన ఆమె మొహంకేసి, పిల్లాడి మొహంకేసి చూశాడు.

"లేచాడా?"

"లేవక? ఆ గొంతేమిటి, మైకు మింగినట్టు!"

"పరదా పూర్తిగా లాగు. పక్కనుంచి వెలుతురు పడుతోంది."

ఆమె నిర్ఘాంతపోయింది.

"నా కిటికీకేసి చూడ్డానికి మీరెవరండీ?"

"పో, పైకి పో. వాణ్ణి ఎండలో నిలబెట్టకు."

ఆ రోజునుంచి ఆయన అరుపులు తగ్గాయి, ఆగడాలు పెరిగాయి. కూరగాయల బండి మీది మైకు వైరు పీకేశాడు. రెండో అంతస్తు గుమస్తాని స్కూటరు వీధి మొదట్లోనే ఆపి, నెట్టుకుంటూ రమ్మన్నాడు. పక్కింటి గోడకి డ్రిల్లు పెట్టిన వడ్రంగి మీదికైతే కర్ర పట్టుకునే వెళ్లాడు.

పైన మాత్రం అక్క చెప్పినట్టే జరిగింది. రెండు వారాలు తిరిగేసరికి బుజ్జిగాడు పరదా లాగగానే ఆవులించడం నేర్చుకున్నాడు. పావుగంట జోకొడితే గంటన్నర నిద్ర.

"చూశావా, నేను పట్టుబట్టానంటే అంతే!" అని అక్కతో గొప్పలు పోయింది.

ఆ ఆదివారం గుమస్తా అందరినీ మెట్ల దగ్గర పోగేశాడు.

"ఆ మనిషిని ఖాళీ చేయించాల్సిందే. మనమంతా సంతకాలు పెట్టి కాగితం ఇస్తేగానీ ఇల్లుగలావిడ కదలదు."

"నేను రాస్తాను," అంది ఆమె.

రాసింది. మొదటి సంతకం కూడా తనే పెట్టింది.

శుక్రవారం ఉదయం ముసలాయన ఒక ట్రంకుపెట్టె, ఒక కుర్చీ ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. ఎవరూ కిందికి దిగలేదు. ఆమె బాల్కనీలోంచి చూసి, పీడ విరగడైంది అనుకుంది.

ఒంటిగంటకి పరదా లాగింది. బుజ్జిగాడు ఆవులించాడు. రెప్పలు వాలాయి.

బెల్లు మోగింది.

కొరియరు అతన్ని తిట్టి పంపి, మళ్లీ జోకొట్టింది. రెప్పలు వాలాయి. "కూరలమ్మా కూరలు" అంటూ మైకు గేటు ముందే ఆగింది. ఆ తర్వాత స్కూటరు. ఆ తర్వాత డ్రిల్లు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పిల్లాడి కళ్లు ఎర్రగా ఉబ్బిపోయాయి. ఒళ్లో వేసుకున్నా నిలవడంలేదు.

నాలుగోరోజు పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్లి ఇల్లుగలావిడ ఇంటి తలుపు కొట్టింది.

"పిన్నిగారూ, ఈ గోలంతా ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందండీ?"

ఆవిడ బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు.

"ఎక్కడికీ పోలేదు. నీ పరదా పడగానే ఆయన గేటు దగ్గర కుర్చీ వేసేవాడు. నువ్వు పరదా తీసేదాకా లేచేవాడు కాదు."



"నా కోసమా?"

"బాల్కనీలో పిల్లాణ్ణెత్తుకుని నువ్వు ఏడవడం చూశాడట. 'ఆ పిల్ల పడిపోయేలా ఉంది, వాడు కాసేపు నిద్రపోతే బాగుణ్ణు' అన్నాడు నాతో."

"మీరైనా ఒక్క మాట చెప్పకపోయారా?"

"మొదటి సంతకమే నీదాయె. నేనేం చెప్పను? కాగితం చూపిస్తే ఆ సంతకం దగ్గరే కాసేపు ఆగాడు. మడిచి నా చేతిలో పెట్టేశాడు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"చెప్పలేదు."

చంకలో పిల్లాడు ముక్కుతూ ములుగుతూనే ఉన్నాడు.

"నేను... చప్పుడు ఆయనకే గిట్టదనుకున్నానండీ. చీమ చిటుక్కుమన్నా ఓర్చుకోలేని మనిషనుకున్నాను."

ఇల్లుగలావిడ అప్పుడు తలెత్తి ఆమెకేసి చూసింది.

"ఆయనకా? ముప్పై ఏళ్లు మిల్లులో మరమగ్గాల రొద మధ్య పనిచేసిన మనిషమ్మా. మన పెదాలు చూసి మాటలు పోల్చుకునేవాడుగానీ, పక్కన పిడుగు పడినా ఆయనకి వినపడదు."