కునికిపాట్ల సమ్మతి

తూర్పు కొండవాలులో బండమీద పాతవాళ్లు చెక్కిన శాసనం ఒకటుంది. పెత్తనం ఎవరిదైనా పదింట ఒక గింజే పన్ను. పన్ను పెంచాలన్నా, శాసనంలో మాట మార్చాలన్నా సభలో సగానికి పైగా సరేనని తలలూపాలి.

ఇప్పుడు పెత్తనం ముంగిసది. అది ఒక సాయంత్రం, అందరూ పొద్దంతా గింజలేరి వచ్చాక, సభ పెట్టి ఆపకుండా మాట్లాడింది. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే కునికారు. తలలు ఊగాయి.

"ఒప్పుకున్నారు. ఇకనుంచి పదింట మూడు," అంది ముంగిస.

ఉడుత ఉలిక్కిపడి లేచింది. "నిద్రలో ఊగాం దొరా!"

"మెలకువగా ఊపాలని బండమీద లేదుగా."

ఆ ఒక్క మాటా చెక్కిద్దామని ముసలి తాబేలు ఏడాదంతా బొరియ బొరియకీ తిరిగింది. ఎట్టకేలకు సభ కూడింది. కానీ మూడేసి గింజలు కట్టడానికి ఏరి ఏరి అందరూ మరీ అలిసిపోయారు. తాబేలు మాట ముగించేలోపే తలలన్నీ ఊగాయి.

ముంగిస వాళ్లవంక జాలిగా చూసింది.

"పాపం, నిద్రపోతున్నారు తాతా," అంది. "ఇవి లెక్కకి రావు."