నున్నటి స్తంభాలు

వంతెన మొదట్లో మూసిన గేటు ముందు ఆగిన లారీల హారన్లకు ఇంజినీరు తల బద్దలవుతోంది. ఆమె చేతిలోని ట్యాబ్‌లో, పగుళ్ళు వెతకడానికి స్కాన్ చేసిన, నీళ్ళలో మునిగిన వంతెన స్తంభాల త్రీడీ బొమ్మ నత్తనడక నడుస్తోంది.

"ఒరేయ్ తమ్ముడూ, బొమ్మ పంపే మీ ఆఫీసు గ్రాఫిక్స్ మిషన్లు గుర్రు పెడుతున్నాయా?" అని ఫోన్‌లో కసిరింది.

"కోట్ల త్రిభుజాలతో అల్లిన బొమ్మక్కా! ఉండు, చిన్నచిన్నవి కలిపేసి తేలిక చేస్తా."

అన్నంత పనీ చేశాడు. ట్యాబ్‌లో బొమ్మ బొంగరంలా తిరిగింది.

"హమ్మయ్య! వెంట్రుకంత పగులు కూడా లేదురా. గేటు తీయమన్నాను."

తమ్ముడి నవ్వు సగంలో ఆగింది. కలిపేసిన త్రిభుజాలను గబగబా వెనక్కి తెచ్చాడు. నడిమి స్తంభం మీద పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత తేలింది.

"అక్కా, ఆపించు! పగులుంది. త్రిభుజాలు కలిపి నేనే చెరిపేశాను!"

ఫోన్‌లో హారన్ల మోత అప్పటికే ఆగిపోయింది. లారీలు కదిలాయి.