పదకొండో ప్రశ్న

బాపట్లలో నా గదికి జోడీ కోసం పది ప్రశ్నలు తయారుచేశాను. గురక, ఫ్యాను స్పీడు, తెల్లారి లేచి పాటలు పాడే రోగం వగైరా. పెనుమూడి నుంచి వచ్చిన సారథి పదికి పది తెచ్చుకున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత పొంతన కుదరదు.

పదకొండో ప్రశ్న ఓనరు ఆంటీది. "ఇంటిపేరేంటి బాబూ?"

వాడు చెప్పాడు. "మనోళ్లే!" అని మురిసిపోయి ఆవిడ తాళంచెవి ఇచ్చింది. ఆ ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉందన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

నెల తిరక్కుండా సారథి వాళ్ల నాన్న వాణ్ణి చూడ్డానికి వచ్చాడు. ఆంటీ కాఫీ ఇచ్చి, "మీ అత్తగారి వైపు ఎవరండీ?" అని ఆరా తీసింది. పెద్దాయన దాచకుండా చెప్పాడు. కాఫీ చల్లారేలోపే ఆవిడ గది ఖాళీ చేయమంది.

"నువ్వూ వచ్చేయరా, ఇద్దరం వేరే గది చూసుకుందాం," అన్నాడు సారథి, సంచి సర్దుకుంటూ.

"పరీక్షలు కదరా," అన్నాను గంభీరంగా.

వాడు వెళ్లాక ఆంటీ నిట్టూర్చింది. "నీ ఇంటిపేరు వినగానే మనోడివని నమ్మా. నువ్వన్నా నిజంగా మనోడివయ్యావు నాయనా."

"అవునండి," అన్నాను.

తలుపేసుకుని రేపల్లెకు ఫోన్ చేశాను. "నాన్నా, ఆదివారం నువ్వు రావొద్దు. నేనే వస్తాలే."